మీటరు మీద పేరు

4 మార్చి 2025

సోలార్ సబ్సిడీ అప్లికేషన్ రిజెక్ట్. మీటరు ఇంకా మా నాన్న, బాపు పేరునే ఉందట. బాపు పోయి మూడేళ్లు. ప్యానెళ్లు బిగించే శ్రీకాంత్ ఇప్పుడు తాపీగా ఫోన్ చేసి, చనిపోయినాయనకు సబ్సిడీ రాదక్కా అన్నాడు. ముందే చూసుకోవద్దా, వీడి మొహం మండ!

అమ్మకు ఆక్సిజన్ మెషిన్ రోజంతా నడవాలి. నడిస్తే నెలకు రెండొందల యూనిట్లు దాటి, సర్కారు ఇచ్చే జీరో బిల్లు పోతుంది. అందుకని నేను ఎయిర్‌పోర్టు డ్యూటీకి వెళ్లగానే ఆపేసి కూర్చుంటోంది. ఈ రోజు పట్టుకున్నాను. పెదవులు నల్లబడ్డాయి. వీధంతా వినపడేలా అరిచాను.

5 మార్చి

పేరు మార్పిద్దామంటే అమ్మ సంతకం పెట్టదట! రీడింగ్ తీసే బాలమల్లు నెలనెలా గేటు దగ్గర బాపు పేరు పెట్టి సత్తయ్యా, బిల్లు అని కేకేస్తాడు. అలా పిలవమని అమ్మే బతిమాలింది. లోపలి నుంచి ఉన్నడు, వస్తున్నడు అని పలుకుతుంది. గా పిలుపు గూడ తీసేస్తవా బిడ్డా అని ఏడ్చింది.

నువ్వు ఊపిరాడక పోయాక ఎవరు పలుకుతారు అన్నాను. అనకూడని మాట. అనేశాను.

7 మార్చి, ఉదయం 6

సంతకం పెట్టింది. నాతో మాట్లాడటం లేదు.

2 ఏప్రిల్

కరెంటాఫీసు. మూడో హాఫ్ డే లీవు. డెత్ సర్టిఫికెట్ ఇస్తే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అదీ ఇస్తే స్టాంపు పేపరు మీద బాండు తెమ్మన్నారు. ఒకేసారి చెప్పి చావొచ్చుగా! సారు సెల్లులోంచి తల ఎత్తకుండానే, గంత పరేషాన్ ఎందుకమ్మా అన్నాడు. ఆయన వెనక గోడ మీద సోలార్ పోస్టరు, నవ్వుతున్న కుటుంబం. చింపేయాలనిపించింది.

3 మే

పేరు మారింది. ఇప్పుడు అమ్మ పేరున అప్లై చేశాం. ఎండాకాలం అయిపోయినంక ఇస్తరా ఇగ అని నవ్వింది. రెండు నెలలకు నాతో నవ్వింది.

19 మే

అప్రూవల్ లేదు. మెషిన్ మళ్లీ ఆపింది. స్విచ్ బోర్డుకు టేపు చుట్టి వెళ్లాను. విప్పేసింది.

6 జూన్

అమ్మ దినాలు అయిపోయాయి.

శ్రీకాంత్ మెసేజ్: శివమ్మ గారి పేరున అప్రూవల్ వచ్చింది, కంగ్రాట్స్ అక్కా. ఫోన్ గోడకేసి కొట్టాను. పగల్లేదు, దరిద్రం. సాయంత్రం అందులోనే అతనికి అమ్మ సంగతి చెప్పాను. మీటరు మీ పేరున చేయించి మళ్లీ అప్లై చేయాలె అన్నాడు.

9 జూన్

గేటు దగ్గర బాలమల్లు. శివమ్మా, బిల్లు అన్నాడు.

ఉన్నది, వస్తున్నది అన్నాను.