బుట్ట కింద నిలబడేవాడు

మంథని,
1965, ఫాల్గుణం.

మా పెద్దక్క కిష్టవ్వకు,

నీ చెల్లె భూమవ్వ నిర్మల్ దిక్కు తిరిగి నీ కాళ్లకు మొక్కి రాస్తున్న సంగతి. బావ, పిల్లలు మంచిగున్నారని అనుకుంటున్నాను. నా అక్షరాలు వంకర టింకరగా ఉంటాయి, జర ఓపిక పట్టి చదువు. ఈ మాట మీ మరిదితో కూడా చెప్పలేదు. నీకొక్కదానికే చెబుతున్నాను.

పెద్దోడు కొమురెల్లిని భాద్రపదంలో కామెర్లు తీసుకుపోయాయి. ఆ దుఃఖం నీకు కొత్తగా చెప్పేదేముంది, నువ్వే పక్కన కూర్చుని నాకు నీళ్లు తాగించావు. ఇప్పుడు నా ఫికరంతా చిన్నోడు కైలాసం గురించి. కాగజ్‌నగర్ కాగితాల మిల్లులో వెదురు దించే పని చేస్తున్నాడు కదా. మనిషి పొడుగని మిల్లు వాళ్లు బాస్కెట్‌బాల్ ఆడే జట్టులో పెట్టుకున్నారు. ఎత్తు గుంజకు ఇనుప కడియం, దానికి వల బుట్ట. బంతిని ఎదుటి వాళ్ల బుట్టలో ఎక్కువసార్లు వేసిన వాళ్లది గెలుపు. ఆ ఆటంటే వాడికి ప్రాణం. అన్న ఉన్నప్పుడు ఇంటికొస్తే బువ్వ తింటూ కూడా అదే ముచ్చట. అన్న పోయిన తర్వాత ఎప్పుడొచ్చినా గోడకు ఆనుకుని కూర్చుంటాడు, పెట్టింది తింటాడు, రైలుకు పోతాడు. నోట్లో నుంచి మాట రాదు.

మొన్న మన వాడకట్టు హనుమండ్లు వచ్చాడు. వాడూ అదే మిల్లులో ఉన్నాడు. మావాడు ఎట్లా ఆడుతున్నాడని అడిగితే పకపకా నవ్వాడు.

“ఏమాడుతడు పెద్దవ్వా! తాడిచెట్టంత ఉండి ఒక్క బంతి బుట్టల ఎయ్యడు. చేతికొస్తే నిప్పు పట్టుకున్నట్టు పక్కోనికిచ్చేస్తడు. ఏసెటోళ్లు ఏస్తరు, గీయన బుట్ట కింద నిలవడి చేతులూపుతడు.”

అక్కా, ఆ మాట వినగానే నాకు గంగ ఒడ్డు కళ్లముందుకొచ్చింది. కొమురెల్లి బొక్కలు, బూడిద గోదారి గంగలో కలిపిన రోజు గుర్తుందా? అయ్యగారు కైలాసాన్ని మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టి, నీకు ఇష్టమైనదొకటి మీ అన్న పేరు మీద విడిచిపెట్టు అన్నాడు. అందరూ ఒక కాయో పండో విడుస్తారు, బతికినన్నాళ్లూ మళ్లీ ముట్టరు. వీడు కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. గడ్డకొచ్చాక ఏం విడిచావు బిడ్డా అని అడిగితే తల తిప్పుకున్నాడు. ఇప్పుడు నాకు తెలిసిపోయింది. వాడు బుట్టలో బంతి వేయడమే విడిచాడు.

ఒక కొడుకును గంగకు ఇచ్చాను. రెండోవాడు బతికుండి కూడా తన సంతోషానికి చెయ్యి చాపకపోతే, తెల్లారి నేను ఎవరిని చూసుకుని లేవాలి? అందుకే గట్టిగా అనుకున్నాను. కాగజ్‌నగర్ పోయి, వాణ్ని పని మాన్పించి ఇంటికి తెస్తాను. అయ్యగారి కాళ్లు పట్టుకుని అయినా ఆ విడిచినదాన్ని వాడికి తిరిగి ఇప్పిస్తాను. వాడి బదులు నేను ఏదైనా విడుస్తాను. విడవడానికి నా దగ్గర ఇష్టమైనది ఏం మిగిలిందో అదే తెలియడం లేదు.

వద్దని మాత్రం రాయకు. ఇది నీకు అందేలోపు నేను పెద్దపల్లిలో రైలెక్కి ఉంటాను.

నీ చెల్లె,
భూమవ్వ

కాగజ్‌నగర్,
శుక్రవారం.

అమ్మ తర్వాత అమ్మవైన అక్కకు,

ముందుగా ఒక మాట. భయపడకు. నేను మంచిగున్నాను, వాడు మంచిగున్నాడు. మిగిలింది నెమ్మదిగా చదువు.

నేను దిగిన రోజే బల్లార్షా నుంచి వచ్చిన జట్టుతో ఆట ఉంది. కైలాసం ఇంకా పనిలో నుంచి రాలేదు. నేను నేరుగా మైదానానికి పోయి కప్తాన్ ఎవరని అడిగాను. వాహెద్ అనే పిల్లవాడు వచ్చాడు. వాడి రెండు చేతులూ పట్టుకున్నాను.

“బిడ్డా, నేను కైలాసం అవ్వను. వానికి బంతియ్యి. వాడు నోరు తెరిచి అడగడు. నువ్వే ఇచ్చి, ఎయ్యి అని చెప్పు. నీకు పుణ్యముంటది.”

పాపం ఆ పిల్లవాడు పరేషాన్ అయ్యాడు. “అమ్మా, మీవోని పని గది గాదు...” అని ఏదో చెప్పబోయి, నా కళ్లల్లో నీళ్లు చూసి ఆగిపోయాడు. “సరే, ఒక్కపాలి ఇస్త. ఇగ అల్లా మీదే భారం” అన్నాడు.

ఆట మొదలైంది. ఆడవాళ్లతో పాటు నన్నూ మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన కూర్చోబెట్టారు. బల్లార్షా వాళ్లు బంతి పట్టుకుని మన వాళ్ల బుట్ట మీదికి వస్తుంటే ఎవరో ఒకటే అరుపు. “సాంబయ్యా, ఎడమకు! ఎడమకురా! వాహెద్, ఎనుక జూడు! నేనున్న, నువ్వు పో!” గుండె నిబ్బరమున్న గొంతు. ఎవరిదా అని చూశాను. మా కైలాసానిది. మా ఇంట్లో ‘ఊ’ అనడానికి కూడా పెదవి కదపని వాడు అక్కడ అందరినీ పేరుపేరునా పిలిచి నిలబెడుతున్నాడు. బుట్ట కింద వాడు రెండు చేతులూ లేపితే అవతలి వాళ్లు లోపలికి రాలేక దూరం నుంచే విసిరి పోగొట్టుకుంటున్నారు.

వాహెద్ మాట తప్పలేదు. అవతలి బుట్ట దగ్గర బంతిని కైలాసం చేతిలో పెట్టి “ఎయ్యి!” అన్నాడు. వాడు బిత్తరపోయి చూశాడు. “నీ అవ్వ చెప్పింది, ఎయ్యిరా!” అని వాహెద్ అరిచాడు. వేశాడు అక్కా. బంతి బుట్ట దాటి, దాని వెనక పలక దాటి, తాడు దాటి గోలీసోడా బండి మీద పడింది. సోడాల మనిషి తిట్టిన తిట్లు నీకు రాయలేను. జనమంతా నవ్వారు. నేను చెంగు నోట్లో కుక్కుకున్నాను. తలెత్తి చూస్తే కైలాసం నడుం మీద చేతులు పెట్టుకుని, పళ్లన్నీ కనబడేటట్టు నవ్వుతున్నాడు. భాద్రపదం నుంచి ఆ పళ్లు నేను చూడలేదు.

ఆట అయిపోయాక వాహెద్ నా దగ్గరికి వచ్చాడు. “జూసిండ్రా అమ్మా? మీవోడు ఏస్తే ఊరోళ్లకు దెబ్బలు తాకుతయ్. ఏసెటోళ్లం మేం నలుగురమున్నం. అవతలోళ్లను ఎయ్యనియ్యకుండ నిలవడెటోడు గీడొక్కడే. ఎనుక నుంచి అందరం కనవడుతం గద, గీడు చెప్తేనే మేం కదులుతం.” మన వాళ్లే గెలిచారట. నాకు ఆ లెక్క తెలియదు.

వాడి గదికి వచ్చి బువ్వ పెడుతూ, ఇక దాచుకోలేక అడిగేశాను. “గంగల ఏమిడిసినవ్ బిడ్డా? నా మీద ఒట్టు, చెప్పు.”

తల దించుకుని గోళ్లు చూసుకున్నాడు. “కాకరకాయ.”

“నువ్వు పుట్టి బుద్ధెరిగి ఎన్నడన్న కాకరకాయ తిన్నవారా?”

“లే. అయ్యగారు నెత్తి మీద నిలవడి చెప్పు చెప్పు అంటుండె. నోట్లెకు గదే వచ్చింది. నీకు చెప్తే కొడుతవని చెప్పలే. అన్నకెరుకనే అవ్వా, నవ్వుకుంటుండొచ్చు.”

నేను నవ్వాను, ఏడ్చాను, మళ్లీ నవ్వాను. మరి ఇంటికొస్తే ఎందుకురా మాట్లాడవు అన్నాను. “నేను నోరు తెరిస్తే నువ్వు నా మొఖం జూసి ఏడుస్తవ్. ఇగ నేనేం మాట్లాడాలె?” అన్నాడు. వాడి పళ్లెంలో ఇంకో ముద్ద వేశాను, కాదనకుండా తిన్నాడు. వాణ్ని ఇంటికి తెచ్చే మాట మానుకున్నాను. ఆదివారం ఇంకో ఆట ఉందట, చూసి వస్తానని మీ మరిదికి కబురు పంపాను.

ఇంకొక సంగతి ముందే రాయాల్సింది, చెయ్యి రాలేదు. చిన్నప్పటి నుంచి ఇద్దరిలో ఎవరిని పిలవాలన్నా నాకు ‘కొమురెల్లీ కైలాసం’ అని కలిపే వచ్చేది. పెద్దోడు పోయాక కూడా చిన్నోణ్ని పిలవబోతే ముందు అన్న పేరే వస్తోంది. అందుకని పేరు పెట్టి పిలవడమే మానేశాను. బిడ్డా అని, ఇటు రా అని నెట్టుకొస్తున్నాను. ఆ రోజు ఆట చివర్లో బల్లార్షా వాడొకడు ఉరికొచ్చి బంతిని బుట్టలోకి వదలబోయాడు. వీడు ఎగిరి దాన్ని అరచేత్తో కొట్టిపడేశాడు. నేను లేచి నిలబడి “కైలాసం!” అని అరిచాను. ఆ ఒక్క పేరే వచ్చింది అక్కా. నోరు మూతపడిన తర్వాత గానీ నాకు తెలియలేదు. తెలిసి, గుండె పగులుతుందేమో అని కాసేపు అట్లాగే నిలబడ్డాను. పగల్లేదు.

వాడు అక్కడి నుంచే తిరిగి చూసి, “అరువకు అవ్వా, ఆట నడుస్తున్నది!” అన్నాడు.

నేను మళ్లీ అరిచాను.

గొంతు బొంగురుపోయిన నీ చెల్లె,
భూమవ్వ