మాంత్రికుడి నడుముకు తీగ

అన్నా,

ఇవాళ నీ సంవత్సరీకం. భోజనాలయ్యాక టీవీలో పాత జానపద సినిమా వచ్చింది. ఊగే అట్ట కోట, వెండి కాగితం చుట్టిన కత్తులు, గాల్లో ఎగిరే మాంత్రికుడు. చిన్నప్పుడు కోరుట్ల టాకీసులో మాంత్రికుడు పడిపోతాడని నేను కళ్లు మూసుకుంటే, నువ్వు వేలు పెట్టి చూపించావు.

"నడుముకు తీగ కట్టిండ్రు సూడురా. గాడు పడడు."

మోసం కనబడే ఆ చవక సినిమాలంటే నాకందుకే ప్రాణం. పనిచేస్తున్న బిల్డింగు పదో అంతస్తు నుంచి నువ్వు పడ్డావని దుబాయి నుంచి ఫోనొచ్చినప్పుడు కూడా, నడుముకు తాడు లేదా అనే అడిగాను.

ఇవాళ నీ బిడ్డ ఆ తీగను తనంతట తానే కనిపెట్టింది.

"చిన్నబాపూ, మా బాపుకు గిట్ల కట్టలేదా?"

నేను టీవీ సౌండు పెంచాను. మాంత్రికుడు ఇంకా గాల్లోనే ఉన్నాడు.