బోర్డులు రాసే చెయ్యి

బావా,

మీరంతా కులాసా అనుకుంటాను. నేను మాత్రం కాదు, దానికి కారణం నువ్వే.

ఆసుపత్రివాళ్ళిచ్చిన మాత్రలకు నా మొహం ఉబ్బిందని తెలిసి, అవి వేడి చేస్తాయి, మానెయ్యమని పోయిన నెల పెద్ద డాక్టరులా రాశావు. నా బుద్ధి గడ్డి తిని మానేశాను. మొన్న చెప్పుల కొట్టుకి బోర్డు రాస్తుంటే, నిచ్చెన మీదే కుడి మణికట్టు వాలిపోయింది. ఎంత లేపినా లేవలేదు. ఎర్ర రంగు కుంచె జారి కొట్టాయన బట్టతల మీద పడింది. "పొద్దున్నే పట్టించి వచ్చావా?" అని వీధంతా వినేలా అరిచాడు.

డాక్టరమ్మ చూసి, "రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన కణాలే నీ రక్తనాళాల మీద పడ్డాయయ్యా. ఆ నాళాలు వాచి చేతి నరానికి రక్తం అందలేదు. ఆ వాపును ఇన్నాళ్ళూ అణిచి ఉంచింది ఆ మాత్రలే. ఎవరు మానమన్నారు?" అంది.

"మా బావ."

"ఆయనేం చేస్తారు?"

"గొడుగులు బాగుచేస్తాడండీ."

ఆవిడ తల పట్టుకుంది. చెయ్యి మళ్ళీ లేస్తుందో లేదో ఆర్నెల్లు ఆగితే గానీ చెప్పలేనంది.

నా సంగతి సరే. అక్క చేత బీపీ మాత్రలు కూడా మాన్పించావని మీ పెద్దమ్మాయి రాసింది. నీకేమన్నా మతి పోయిందా? ఈ ఉత్తరం అందిన పూటే అక్కను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మాత్రలు మొదలుపెట్టాక ఆ ముక్క అక్క చేతే రాయించు. నీ రాత నేను నమ్మను. పిల్లలకు నా దీవెనలు.

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు, ఎడమ చేత్తో రాశాను. నీ మాట విని కుడిచెయ్యి పోగొట్టుకున్నాను. అక్కను పోగొట్టుకోను.