తూము చేను కాగితం

నాన్నగారికి ఉష నమస్కారాలు.

ఆ రోజు నేను ఫోను పెట్టెయ్యలేదు నాన్నగారూ. ముందు ఆ సంగతి చెప్పి, తరవాత క్షేమ సమాచారాలు రాస్తాను.

అమ్మ ఉత్తరం సోమవారం అందింది. నేను "నా చేను ఎలా ఉంది?" అని అడిగి, మీరు జవాబు చెప్పేలోగా ఠపీమని పెట్టేశానని ఇంట్లో అందరూ అనుకుంటున్నారట. అది ఫోను కార్డులో నిమిషాలు అయిపోవడం. అయిపోయే ముందు ఒక ఆడగొంతు వచ్చి హెచ్చరిస్తుంది. అది నాకు వినపడుతుంది గాని మీకు వినపడదు. ఆవిడ కంగారుపెడుతుంటే, అడగాల్సింది గబగబా అడిగేశాను. ఆ కంగారులో "మన చేను" అనబోయి "నా చేను" అన్నాను. ఇక్కడ ఎవరికి ఏం చెప్పాలన్నా నా ఊరు, నా నాన్న, నా ఇల్లు అనే చెప్పాలి. మా ఊరు, మా నాన్న అంటే వీళ్ళకి అర్థం కాదు, ఇంకెవరి నాన్న అని అడుగుతారు. మొదట్లో ఒక్కదాన్నే పుట్టి ఒక్కదాన్నే పెరిగినట్టు చెప్పుకోవడం నాకే ఎబ్బెట్టుగా ఉండేది. ఆరు నెలలకి నోరు దానికే అలవాటు పడిపోయింది.

"లండన్ వెళ్ళి మా చెల్లెలు రిజిస్ట్రారయింది, ఎవరి చేను ఎవరిదో తేల్చేస్తోంది" అని అన్నయ్య అన్నాడట. వదిన నవ్విందట. మీరు ఏమీ అనకుండా కండువా దులుపుకుని బయటికి వెళ్ళిపోయారట. అన్నయ్య అలా అనకపోతేనే నాకు బెంగ. మీరు ఏమీ అనకపోవడం మాత్రం గుచ్చుకుంది. నేను వాటా అడగలేదు నాన్నగారూ. దాళ్వా వరి పొట్టకి వచ్చిందా, శివారు దాకా నీళ్ళు అందుతున్నాయా అని అడగబోయాను. అడగబోయింది అడ్డదారిన వెళ్ళింది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీరు, అమ్మ, అన్నయ్య, వదిన బాగున్నారని తలుస్తాను. మీ మోకాలి సంగతి అమ్మ రాయలేదు. నొప్పి తగ్గకపోతే కొన్నాళ్ళు గట్ల మీద తిరగడం మానండి.

చలి ఇంకా పోలేదు. మంచు పడేది తక్కువ, తుంపర ఎక్కువ. మన వానలా కురిసి వెలిసిపోదు, రోజంతా ఒంటికి అంటుకునే ఉంటుంది. మా కాలేజీ లండన్‌కి దూరంగా పల్లెలో ఉంది కదా, నా గది కిటికీలోంచి చూస్తే గొర్రెల మేత బీడు. ఎవరి గొర్రెలో తెలియడానికి వాటి వీపుల మీద నీలం రంగు పూస్తారు. పొద్దున్నే లేవగానే నేను చూసే ముఖాలు అవే. అన్నం రోజూ వండుకుంటున్నాను, దాని గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పండి. కందిపొడి అయిపోయింది. శని ఆదివారాలు కాలేజీ భోజనశాలలో ప్లేట్లు తీసే పని చేస్తున్నానని రాశాను కదా. ఎవరెవరో వదిలేసిన అన్నం చెత్తడబ్బాలోకి తోస్తుంటే మొదటిరోజు చేతులు రాలేదు. ఇప్పుడు వస్తున్నాయి. అలా వస్తున్నందుకే బాధ. తెలుగు మాట విని చాలా రోజులైంది. పప్పు ఉడుకుతుంటే దానితోనే కాసేపు మాట్లాడుతున్నాను. నవ్వకండి. బాగానే ఉన్నాను.

"మా అమ్మాయి వ్యవసాయం చదువుతోందండి" అని మీరు అందరికీ చెబుతున్నారు. బీయెస్సీ దాకా అది నిజమే. ఇక్కడ చదివేది వ్యవసాయం గురించి ప్రభుత్వాలు చేసే నిర్ణయాలు. ఏ పంటకి అండ ఉండాలి, ఏ నేల ఏం చెయ్యాలి, ఆ నిర్ణయం వల్ల నీళ్ళు ఏమవుతాయి, తిండి ఎవరికి అందుతుంది, ఇవీ మా పాఠాలు. ఇక్కడ పొలంలో కొంత భాగం బీడు పెట్టిన రైతుకి ప్రభుత్వమే ఎదురు డబ్బిస్తుంది. పంట ఎక్కువై గోదాముల్లో మురిగిపోయిందట ఒకప్పుడు. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో నేనొక్కదాన్నే నవ్వాను. మీరుంటే ఇద్దరం నవ్వేవాళ్ళం.

ఫోను చేసిన వారంలోనే క్లాసులో ఒకటి జరిగింది. ఎవరి ప్రాంతంలో నేల ఎలా మారిందో వ్యాసం రాయమన్నారు. పదేళ్ళలో మా చుట్టుపక్కల వరిచేలు చాలామటుకు చెరువులయ్యాయని నేను రాశాను. చెరువుకి బళ్ళో నేర్పిన ఇంగ్లీషు మాట ట్యాంకు. అదే పెట్టాను. మాకు పాఠం చెప్పే మేడం అరవై దాటిన మనిషి, వయసులో ఉన్నప్పుడు మద్రాసు వైపు పల్లెల్లో రెండేళ్ళు ఉండి వచ్చారు. ఆవిడకి చెరువంటే తెలుసు. నా వ్యాసం పక్కన చాలా సంతోషంగా ఉందని రాసి, అందరి ముందూ అడిగారు: ఇన్ని కొత్త చెరువులు వచ్చాయి కదా, మీ ఊరి ఆడవాళ్ళకి మంచినీళ్ళు మోసే బాధ బాగా తగ్గి ఉండాలే అని.

మన ఊరి ఆడవాళ్ళు సైకిళ్ళకి ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని కాలువ లాకుల దాకా వెళ్తున్న సంగతి ఆవిడకి ఎలా చెప్పను? చుట్టూ చెరువులు తవ్వాక బోరింగు నీళ్ళు ఉప్పెక్కాయని, అన్నంలో పోస్తే అన్నం పచ్చబడుతోందని ఎలా చెప్పను? చివరికి చెప్పాను. అవి చేపలకీ రొయ్యలకీ తవ్విన చెరువులండి, ఆ నీళ్ళు తాగలేం అన్నాను. ఆవిడ నా కాగితంలో ట్యాంకు అన్న మాట కింద గీత గీసి, మరి తాగే నీళ్ళ చెరువుని మీ భాషలో ఏమంటారని అడిగారు.

మంచినీళ్ళ చెరువు అంటాం అన్నాను. అంటుంటేనే తెలిసింది. నాయనమ్మ బతికున్నప్పుడు ఒట్టి చెరువంటే మంచినీళ్ళదే. రెండోదాన్ని చేపల చెరువని విడమరిచి చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఒట్టి చెరువంటే రొయ్యలది, తాగే దానికే పేరు తగిలించాల్సి వస్తోంది. మన కళ్ళ ముందే మాట తిరగబడిపోతే మనలో ఒక్కరం గమనించలేదు. ఆ మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళలేదు.

చెరువుల మీద తిన్న అన్నం అరగకముందే చెరువుల్ని తిడుతోందని మీరు అనుకోవచ్చు. తిట్టడం లేదు. అన్నయ్య చెరువులే లేకపోతే నేను ఈ దేశం చూసేదాన్ని కాదు. రోగం వచ్చి రొయ్యలన్నీ తేలిపోయిన ఏడు అన్నయ్య గట్టు మీద చతికిలబడి, వదిన ఎంత పిలిచినా లేవకపోవడం నేను చూశాను. ఇంత చూసినదాన్ని, తిట్టే హక్కు నాకు లేదు.

ఇప్పుడు కాగితం సంగతి. నా పేర ఉన్న చేను చెరువుకి ఇవ్వడానికి, నా బదులు తనే సంతకాలు పెట్టేలా అన్నయ్య పంపిన పవరాఫ్ అటార్నీ కాగితం నా దగ్గరే ఉంది. లండన్‌లో మన దేశపు కార్యాలయానికి వెళ్ళి, వాళ్ళ ఎదుట సంతకం పెట్టాలి. మీకు తెలియని ముక్క ఒకటి చెబుతాను. ఫోను చేసిన రోజుకి నేను సంతకం పెట్టే ఉద్దేశంతోనే ఉన్నాను. పై బుధవారానికి రైలు టిక్కెట్టు కూడా కొనుక్కున్నాను. ఎలాగూ పోయే చేను, ఈ పంటకి ఎలా ఉందో ఒక్కసారి వినాలనే అడిగాను.

నాయనమ్మ తన పసుపు కుంకుమల కింద వచ్చిన ఎకరంన్నర నా పేర రాస్తానన్నప్పుడు, "ఆడపిల్ల చేను ఆడపిల్లకే వెళ్ళనీ" అని మీరే అన్నారు. కాలువ తూము పక్కనే ఉంది కాబట్టే దానికి తూము చేను అని పేరు. వెనక చేలన్నిటికీ నీళ్ళు దాని మీదుగానే పోవాలి. అది కలవకపోతే వెనకవాళ్ళెవరూ చెరువులు తవ్వలేరని, ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోగా కాగితం అందాలని అన్నయ్య రాశాడు. మీరు వాళ్ళకి మాట ఇచ్చేశారని కూడా రాశాడు.

ఆ బుధవారానికి ముందురోజు నాకు కువైట్ నుంచి ఉత్తరం వచ్చింది. తూము చేను కౌలుకి చేస్తున్న సూరమ్మ కూతురు గౌరి రాసింది. నా అడ్రసు అమ్మే ఇచ్చిందట. అమ్మని ఏమీ అనకండి. గౌరీ నేనూ ఏడో తరగతి దాకా ఒకే బెంచీ. తరవాత నేను భీమవరం బస్సెక్కాను, అది ఊడ్పుల ముఠాలో చేరింది. చేలు చెరువులై ఊడ్పులు తగ్గిపోయాక ఇంటిపనికి కువైట్ వెళ్ళిపోయింది. నేను బయల్దేరిన రోజు మనవాళ్ళు రెండు కార్లు కట్టించుకుని స్టేషనుకి వచ్చారు. గౌరి ఎప్పుడు వెళ్ళిందో కూడా నాకు తెలియదు.

దాని ఉత్తరంలో కొంత ఉన్నదున్నట్టు రాస్తున్నాను, మీరు చదవాలని.

"అమ్మాయిగారూ, నేను బాగున్నానండి. ఈళ్ళకి గౌరి అనడం రాదండి, గోరీ అంటారు. బతికుండగానే కట్టేశారండి నాకు. పని ఎక్కువేగాని తిండి పెడతారు. నేను చెయ్యాల్సింది రెండేళ్ళండి. తూము చేను మాకే ఉంటే వచ్చేసి అమ్మతో కలిసి చేసుకుంటాను. అది కూడా చెరువైపోతే వచ్చి చేసేదేం లేదు, ఇంకో రెండేళ్ళకి రాయించేసుకుంటాను. అది మీ పేరున ఉందంట కదండి. ఏదో ఒకటి ముందే చెప్పెయ్యండి. ఎదురు చూడకుండా ఉంటాను."

ఆ ఉత్తరంలో ఏడుపు లేదు. చేను ఇమ్మని కూడా అడగలేదు. ఎదురు చూడాలో వద్దో చెప్పమంది, అంతే. నేను మంచం మీద కూర్చుని నాలుగుసార్లు చదివాను. బుధవారం రైలు నేను లేకుండానే వెళ్ళిపోయింది.

బీయెస్సీ రెండో ఏడు సెలవుల్లో వరి ఊడుస్తానని పంతం పట్టి తూము చేలో దిగాను, గుర్తుందా? మీరు గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి నవ్వారు. నేను నారు లోతుగా గుచ్చేస్తుంటే సూరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పైపైన ఆనించండి అమ్మాయిగారూ. లోతుకెళ్తే పిలకలెయ్యదండి" అంది. ఆ ఏడు పరీక్షలో సరిగ్గా అదే ప్రశ్న వచ్చింది, నాకు మంచి మార్కులు వచ్చాయి. పాఠం చెప్పింది సూరమ్మని ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ క్లాసులో మా నాన్న రైతు అని చెప్పుకున్నాను. మన చేలో రైతు ఎవరని ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది.

మీ మాట పోతుందని నాకు తెలుసు. వెనక చేలవాళ్ళు మన వాకిట్లోకి వచ్చి, "కూతురికి చెప్పుకోలేకపోయారా అండి" అంటారు. మీరు తల వంచుకుని వింటారు. అన్నయ్య ఈ వేసవిలోనే కాదు, ఇంకే వేసవిలోనూ నాతో మాట్లాడకపోవచ్చు. చదువుకున్న పొగరని వదిన పుట్టింట్లో చెబుతుంది. చెప్పనివ్వండి. నేను ఊరిని ఉద్ధరించడానికి ఇదంతా రాయడం లేదు. ఆ ఎకరంన్నర వల్ల మన బోరింగు నీళ్ళు తియ్యగా మారవు. పోయిన చేలు తిరిగి రావు. చదువయ్యాక నేను ఎక్కడ ఉంటానో నాకే తెలియదు, వచ్చి చేలో దిగుతానని మాట కూడా ఇవ్వలేను. సూరమ్మకి ఉపకారం చేస్తున్నానన్న భ్రమా లేదు. గౌరి ఏదో ఒకటి చెప్పమని అడిగింది, చెప్పాల్సినదాన్ని నేనే.

పెనుగొండ అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పండి. వదినకి ఇక్కడి ఉన్ని శాలువా ఒకటి కొని ఉంచాను, ఆమె తీసుకుంటానంటేనే పంపుతాను. ఎవరైనా ఇటు వస్తుంటే అమ్మని కందిపొడి, కాస్త ఎండు గోంగూర ఇచ్చి పంపమనండి. మీరు మందులు మానకండి. అన్నయ్య అడిగితే ఈ ఉత్తరం దాచకుండా చూపించండి, చదివి వినిపించడం మాత్రం వద్దు, తనే చదువుకోనివ్వండి. మీ పాదాలకి, అమ్మ పాదాలకి దణ్ణం పెడుతున్నాను. ఈ ఉత్తరం చదివాక దీవించడానికి మీకు మనసు వస్తుందో రాదో, అయినా అడుగుతున్నాను.

అన్నయ్య పంపిన కాగితం సంతకం లేకుండా ఈ కవరులోనే పెట్టాను. తూము చేను చెరువు చెయ్యడం లేదు. దాన్ని సూరమ్మే చేస్తుంది. గౌరికి నిన్ననే అలా రాసి పోస్టు చేశాను.

మీ కూతురు
ఉష