పిచ్చుక జడ

సముద్రం ఒడ్డు హోటలు,
మూడో అంతస్తు,
శుక్రవారం మధ్యాహ్నం.

చిరంజీవి అయిన నా కోడలికి,

అత్తయ్య ఆశీర్వదించి రాసేది. చిరంజీవి తర్వాత సౌభాగ్యవతి అని రాయడం నా చేతికి అలవాటు. ఈసారి అక్కడ కలం ఆగిపోయింది. మీ ఇద్దరి సంగతి కోర్టులో ఉండగా ఆ మాట రాస్తే నీకు కోపం వస్తుందో, రాయకపోతే బాధ కలుగుతుందో తేల్చుకోలేక వదిలేశాను. కోడలు అనడం మాత్రం మానను. అది మానుకోమని ఏ జడ్జీ నాకు చెప్పలేదు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు, మీ అమ్మగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోనులో నాకు సగం మాటలు వినిపించవు, వినిపించిన సగం పెట్టేశాక గుర్తుండవు. పిల్లతో మాట్లాడదామని నువ్వు చేసినప్పుడల్లా లైను తెగిపోతోందని విన్నాను. ఇక్కడి గోడలు అలాంటివి, ఏం చేస్తాం.

ఈ హోటలు గురించి చెప్పాలి. బయట బోర్డు మీద కుటుంబాల స్వర్గం, స్పా, ఆరోగ్యం, ఆనందం అని ఏవేవో రాసి ఉన్నాయి. లోపల అడుగు పెడితే నా పెళ్ళినాటి లోకం కనిపించింది. గోధుమరంగు టైల్సు, తడి వాసన వేసే తివాచీ, ఏ మీట నొక్కినా ముందు రెండో అంతస్తులో ఆగి ఊపిరి పీల్చుకునే లిఫ్టు. భోజనాల హాలు గోడ మీద వేసిన డాల్ఫిన్‌కి కన్ను చెరిగిపోయింది. మన పిచ్చుక దానికి గుడ్డి చేప అని పేరు పెట్టి, దానికి కనబడదని రోజూ పొద్దున నేను ఫలానా అని గట్టిగా చెప్పి మరీ పలకరిస్తుంది. కోర్టు కాగితాల్లో నీ కూతురి పేరు ఎంత పొడుగ్గా ఉన్నా నాకది పిచ్చుకే. స్పాలో రోజంతా ఒకటే వేణువు పాట. వినీ వినీ నేను పళ్ళు తోముకుంటూ కూడా అదే కూనిరాగం తీస్తున్నాను.

దిగిన రోజే అందరి చేతులకీ ప్లాస్టిక్ పట్టీలు బిగించారు. పెద్దలకి నీలం, పిల్లలకి నారింజ రంగు. కత్తిరిస్తే తప్ప రావు. హోటల్లో చేరానో ఆసుపత్రిలో చేరానో నాకు అర్థం కాలేదు. ఈతకొలను దగ్గర తువ్వాళ్ళు ఇచ్చే ఆవిడ ఒకతె ఉంది. గదులు ఖాళీ చేసేవాళ్ళ పట్టీలు తెంపడానికి మెడలో తాడుకి కత్తెర వేలాడేసుకుని తిరుగుతుంది. తను నవ్వదు, మనల్ని నవ్వించదు. పిచ్చుకకి మాత్రం అడక్కుండానే ఒక తువ్వాలు ఎక్కువ ఇస్తుంది.

మోకాళ్ళకి మంచిదని మావాడు నన్ను బురద వైద్యానికి పంపించాడు. ఒంటినిండా వెచ్చటి బురద పూసి, పార్సిలు కట్టినట్టు ప్లాస్టిక్ కాగితం చుట్టి, కదలొద్దని చెప్పి పోయారు. నన్ను కదలకుండా ఉంచడం ఎవరి తరం? మంగళవారం మధ్యలోనే లేచి, ఆ బురదతోనే బయటికి వచ్చేశాను. అప్పుడే దిగిన కుటుంబమొకటి నన్ను చూసి గోడకి అతుక్కుపోయింది. తివాచీ మీద నా పాదాల మరకలు ఎంత తోమినా పోవడం లేదు. నువ్వు చూసి ఉంటే నవ్వలేక చచ్చేదానివి.

ఇక అసలు సంగతి. పిచ్చుక జుట్టు కత్తిరించాం. కోపం తెచ్చుకోకు. నడుము దాకా ఉన్న ఆ జడంటే నీకెంత ప్రాణమో నాకు తెలియదా? ఆఫీసుకి ఎంత ఆలస్యమవుతున్నా దాన్ని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, ఒక్క వెంట్రుక తెగకుండా చిక్కు తీసి అల్లేదానివి. కానీ ఇక్కడి ఉప్పుగాలికి, కొలను నీళ్ళకి జుట్టంతా అట్టకట్టింది. దువ్వెన దిగితే ఒట్టు. కత్తిరించమని తనే అడిగింది. ఇప్పుడు మెడ దాకా ఉంది. ఒక పక్క కాస్త పొట్టిగా వచ్చింది, అంతే. ముద్దుగానే ఉంది. జుట్టుదేముంది, మళ్ళీ పెరుగుతుంది.

మావాడు పిల్లని కంటికి రెప్పలా కాచుకుంటున్నాడు. కాస్త చిక్కాడు. హోటలు మేనేజరుకి మా మీద ఎందుకో అభిమానం పుట్టి, సముద్రం కనిపించే గదికి మార్చి, పళ్ళబుట్ట కూడా పంపాడు. ఈతకొలను మూసేశారు, ఏదో మరమ్మతట. అందుకని పిచ్చుక ఇసుకలోనే ఆడుకుంటోంది. స్నానానికి కొంచెం పేచీ పెడుతోంది, పిల్లలన్నాక మామూలే. వచ్చే బుధవారం సాయంత్రం మావాడే తీసుకొచ్చి నీకు అప్పగిస్తాడు. సెలవుల్లో పిల్ల తండ్రి దగ్గర ఉండొచ్చా లేదా అన్నది ఆ పై వారం కోర్టులో తేలుతుంది కదా. ఈ జుట్టు సంగతి అంతదాకా లాగకు తల్లీ.

ఒంట్లో జాగ్రత్త. పని ఉందని తిండి మానకు.

ఇట్లు,
ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టినా
నీ అత్తయ్య.

తా.క. ఇంతవరకు మావాడు చదివాడు. బావుందమ్మా, నువ్వు రాస్తే నమ్ముతుంది అన్నాడు. స్టాంపు అంటించమని నాకిచ్చి కారుకి పెట్రోలు పోయించడానికి వెళ్ళాడు. నేను కింద రిసెప్షన్ సోఫాలో కూర్చున్నాను, పిల్ల నా పక్కనే బొమ్మలు వేసుకుంటోంది. ఇక్కడి నుంచి రాసేది వాడు చదవనిది.

ముందు ఇది తెలుసుకో. పిచ్చుక క్షేమం. డాక్టరు రెండుసార్లు పరీక్ష చేసి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు లేవన్నాడు. ఇక కూర్చుని చదువు.

మంగళవారం నేను బురదలో ఉండగా కొలను వైపు నుంచి కేకలు వినిపించాయి. నేను లేచి పరుగెత్తింది అందుకు. మావాడు పిల్లని లోతు లేని చోట దింపి, నీళ్ళకి వీపు పెట్టి ఫోనులో మాట్లాడుతున్నాడు. ప్లీడరుతోనే. పిల్ల ఇంకా ఎక్కువ రోజులు తన దగ్గర ఉండాలనే. పిచ్చుక మునిగి ఆడుతూ గోడ పక్కకి వెళ్ళింది. అక్కడ నీళ్ళు లాగే గొట్టానికి ఉండాల్సిన జాలీ మూత ఎప్పుడో విరిగిపోయిందట. పట్టించుకున్న నాథుడు లేడు. ఆ గొట్టం జడని లోపలికి లాగేసింది. తల నీళ్ళ కింద ఉండిపోయింది, అరవడానికి కూడా లేదు. చూసింది తువ్వాళ్ళావిడ. చెప్పులతోనే దూకి, మెడలోని కత్తెరతో జడ కోసి పిల్లని పైకి తెచ్చింది. నేను వెళ్ళేసరికి పిచ్చుక ఆవిడ ఒళ్ళో దగ్గుతోంది. మావాడు కొయ్యబారిపోయి నిలబడ్డాడు. వాడి చేతిలో ఫోను హలో హలో అంటూనే ఉంది.

మంచి గదీ, పళ్ళబుట్టా మా నోరు మూయించడానికి. లైను తెంపుతున్నది గోడలు కాదు, మావాడు. ఫోనులో అయితే నా గొంతుని బట్టి అబద్ధం పట్టేస్తావని ఉత్తరం రాయించాడు. వాడు చెడ్డవాడు కాదమ్మా. ఆ రోజు నుంచి వాడికి ముద్ద దిగడం లేదు. పిల్ల నిద్రపోతే పక్కన కూర్చుని ఊపిరి చూస్తుంటాడు. వాణ్ణి అలా చూడలేక సరే రాస్తానన్నాను. కంటికి రెప్పలా అని రాసేటప్పుడు నాకు సిగ్గేసింది, అయినా రాశాను.

కానీ ఇందాక కిందికి వచ్చేముందు పిచ్చుక అద్దం ముందు నిలబడి, అమ్మా నేనే కత్తిరించమన్నాను అని పాఠంలా చెప్పుకుని, నా వైపు తిరిగి, సరిగ్గా చెప్పానా నానమ్మా అని అడిగింది. కన్నతల్లికి అబద్ధం చెప్పడం దానికి నేర్పే నానమ్మని కాలేను.

ఈ ఉత్తరం మీ ప్లీడరుకి చూపించు. కోర్టులో అడిగితే నేనే వచ్చి చెబుతాను. వాడికి పిల్ల దూరమవుతుంది, నాకు వాడు దూరమవుతాడు. తెలిసే రాస్తున్నాను. పిచ్చుకని నన్నయినా చూడనిస్తావో లేదో నీ ఇష్టం. బుధవారం దాకా ఆగలేకపోతే నువ్వే వచ్చి తీసుకెళ్ళు. అందాకా దాని చెయ్యి వదలను.

మోటారు ఆపించి తీసిన జడని తువ్వాళ్ళావిడ ఆరబెట్టి, తువ్వాల్లో చుట్టి నాకిచ్చింది. నా పెట్టెలో భద్రంగా ఉంది.

ఇంకొక్క మాట. తల మీద నీళ్ళు పడితే పిల్ల వణికిపోతోంది. పేచీ అనుకుని కసరకు. ముందు నీ చేతి మీద పోసుకుని చూపించు, తర్వాత దాని చేతి మీద పొయ్యి. అది ఊ అనేదాకా ఆగు, అప్పుడు తల మీద పొయ్యి. నిన్న నా దగ్గర చాలాసేపటికి ఊ అంది. నీ దగ్గరయితే తొందరగానే అంటుంది.