బూస్ట్ పెంచే ముందు

నవంబరు 12, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ మీ బావా నేనూ కులాసా. అక్కడ నువ్వూ మరదలూ కులాసాగానే ఉన్నారని నమ్ముతాను. కారు సంగతే నాకు నమ్మకం లేదు.

నువ్వు ఫోన్‌లో రికార్డు చేసి పంపిన ఇంజన్ చప్పుడు విన్నాను. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో బూస్ట్ ఎనిమిది పాయింట్ల నుంచి ఏకంగా పద్నాలుగుకు ఎక్కించానని, ఇంజన్ చాలా సాఫీగా నడుస్తోందని, ఈ నెలాఖరున కొండ రోడ్డు పందెంలో దింపుతానని రాశావు. వద్దు నాయనా. మనిద్దరం చేతులారా కట్టిన ఇంజన్లలో మిగిలింది అదొక్కటే. అది పోతే నేను తట్టుకోలేను.

మన షెడ్డు గుర్తుందా? రేకుల కప్పు, ఆయిలు ఇంకి నల్లబడిన నేల, ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగే బల్ల. బూస్ట్ అర పాయింటు పెంచాలంటే ఎంత తతంగం నడిచేది! పైపుల్లో ఎక్కడైనా గాలి పోతోందేమోనని అతుకులన్నిటికీ సబ్బునీళ్ళు రాసేవాళ్ళం. కొత్త ఆయిలు పోసి, కొత్త ప్లగ్గులు బిగించేవాళ్ళం. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, లేకపోతే వేడికి పిస్టన్ కరిగిపోతుందని నాకు పాఠం చెప్పింది నువ్వే. ఆ తర్వాతే ఖాళీ రోడ్డు మీదికి. ఒకసారి పరిగెత్తించడం, ఆపి, లోపల సరిగ్గా మండుతోందో లేదో తెలియడానికి ప్లగ్గు ఊడదీసి రంగు చూడటం, అంతా బాగుంటేనే ఇంకాస్త పెంచడం. నాన్న గుమ్మంలో నిలబడి, మీ వాలకం పిచ్చి ముదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టుందని అనేవాడు.

నడిపేది నువ్వు, పక్క సీట్లో నేను. ఇంజన్‌కు బిగించిన రాగి గొట్టం, దానికి రబ్బరు ట్యూబు, ట్యూబు చివర నా చెవి. లోపల పెట్రోలు వేళకాని వేళ మండితే డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు వినిపించేది. ఆ నాకింగ్ వినగానే నేను నీ భుజం తట్టాలి, నువ్వు కాలు తీసెయ్యాలి. అదీ మన ఒప్పందం. తీరా మొదటి రోజు నేను తడితే, అక్క మెచ్చుకుంటోందనుకుని నువ్వు ఇంకా తొక్కావు. నేను గట్టిగా తట్టాను, నువ్వు మరింత తొక్కావు. పిస్టన్‌కు చిల్లు పడ్డాక ఆ పొగలో నిలబడి, అంతగా మెచ్చుకుంటుంటే ఎవడు ఆపుతాడక్కా అన్నావు. ఇక తట్టడం మానేసి చెవి మెలిపెట్టడం మొదలుపెట్టాను. నీ పెళ్ళయిన కొత్తలో మరదలు నీ ఎర్రటి చెవి చూసి, షెడ్డులో అసలేం జరుగుతోందని మీ బావను చాటుగా అడిగిందట.

నిజం చెప్పనా, జీవితంలో అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను. మీ బావ వింటే విననీ.

అందుకని నా మాట విను. బూస్ట్ మళ్ళీ ఎనిమిదికి దించు. బూస్ట్ హద్దు దాటితే పెట్రోలు ఆపేసే ఏర్పాటు ఉంటుంది చూడు, దాని జోలికి మాత్రం వెళ్ళకు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. మరదలికి నా దీవెనలు చెప్పు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: పైన రాయడానికి చెయ్యి రాలేదు, అసలు సంగతి ఇక్కడ రాస్తున్నాను. నువ్వు పంపిన రికార్డు నిండా నాకింగే. నేను రెండోసారి వింటుంటే, ఏ బండి చెడిందని మీ బావ వంటింట్లోంచి వచ్చి అడిగారు. ఇంజన్ల గురించి ఆయనకేం తెలుసో నీకు తెలుసు. ఆయనకూ వినిపించింది, నీకు వినిపించలేదు. కొన్నాళ్ళుగా ఫోన్‌లో ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంటూ లైను బాగాలేదంటున్నావు. లైను బాగానే ఉందిరా తమ్ముడూ. అందుకే ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాశాను. ఈ ఉత్తరం అందగానే మరదలిని వెంటబెట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. భయపడకు. శనివారం నేను వస్తున్నాను. నువ్వు నడుపు, నేను వింటాను.