కాలువ అసలు రంగు

పిన్నీ,

నిన్న సాయంత్రం ఐదింటికి పురపాలక సంఘం తీర్మానం చేసింది. ఈ ఏడు కాలువ దినం నాడు అద్దకం కుండీలు ఆగవు. హాల్లో ఉపన్యాసాలుంటాయి, పిల్లలకు బొమ్మల పోటీ ఉంటుంది. వార్త నేనే రాశాను. అందులో పట్టని సంగతి నీకు రాస్తున్నాను.

కాలువ దినం ఎలా మొదలైందో సంఘంలో కొత్త సభ్యులకు తెలియదు. కుండీల రంగునీళ్లు కాలువలోకే వదిలేవారు కదా, చిన్నప్పుడు మేము కాలువను చూసి ఆ పూట ఏ రంగు అద్దుతున్నారో చెప్పేవాళ్లం. బడిలో ఏరు బొమ్మ గీయమంటే నేను నీళ్లకు ఎరుపు వేశాను. అది చూసి నువ్వు తోటి అద్దకం ఆడవాళ్లతో కుండీల యజమాని దగ్గరికి వెళ్లావు.

"ఒక్కరోజు కుండీలు ఆపండయ్యా, పిల్లలకు నీళ్ల రంగు చూపించాలి."

"నీళ్లకు రంగేమిటమ్మా?" అని ఆయన నవ్వాడు.

"ఆ సంగతే మా పిల్లలకు తెలియదు."

ఆయన ఆపాడు. మధ్యాహ్నానికి అడుగున గులకరాళ్లు బయటపడ్డాయి. నడుం లోతులో నిలబడి, నా కాళ్లు నాకు కనిపిస్తున్నాయని అరిచాను. "రోజూ ఉండే కాళ్లేగా, కొత్తగా మొలిచాయా?" అంటూ నువ్వూ దిగావు. అప్పటినుంచి ఏటా ఆ రోజు కుండీలు ఆగాయి. అది వినడానికి పెట్టిన రోజు కాదు, చూడడానికి పెట్టింది.

విలేకరిని కాబట్టి సభలో నేను లేచి మాట్లాడకూడదు. ఆనాడు అడిగినవాళ్లలో మిగిలింది నువ్వే. "నాకు మాటలు రావు" అంటావు. అప్పుడన్న ఆ రెండు మాటలే చాలు.

తీర్మానం మీద అభ్యంతరాలు శనివారం ఉదయం పదింటికి వింటారు. మొదటి పేరు నీదే రాయించాను. తొమ్మిదింటికి ఆటోతో వస్తాను.

నీ అక్క కొడుకు